మన పెంపుడు కుక్కకు తీరని దురద

కుక్క విశ్వాసముగల జంతువని మన పిల్లలు క్రింది తరగతులనుండియు వ్యాసములు వ్రాయుచునే యున్నారు. ఆ సంగతిని మరల వ్రాయుటకు మేము పూనుకొనలేదు. ఆ విశ్వాసముగల జంతువు రాత్రి రెండు గంటలవేళ నిద్రలేక, వెనుకకాలితో చెవిని గోకికొనుచు, పండ్లతో పాదమును కొరికికొనుచు, తెల్లవారునప్పటికి మేనినుండి రక్తము కార్చుకొనుచుండగా, దానిని పెంచువారు చేయదగినదేమి, చేయరానిదేమి యను విషయమును మేము చేసిన పొరపాటులతోసహా ఇచ్చట వ్రాయుచున్నాము.

జిమ్మీని మన ఆవరణములో ఎరుగనివారు లేరు. ప్రార్థనగంట కొట్టినప్పుడెల్ల అదియు గొంతెత్తును గనుక క్రొత్తగా చేరిన పిల్లలు సైతము మొదటి దినముననే దానిని ఎరుగుదురు. నాలుగేండ్ల క్రిందట వానకాలపు సాయంకాలమున వంటశాల మెట్లమీద తడిసి వణకుచుండిన పిల్లను వసతిగృహపు బాలురు మాయింటికి దెచ్చిరి. అది జాతికుక్క కాదు. మన వీధులలో పుట్టి పెరుగు గోధుమవన్నె కుక్కయే. పాదములు మాత్రము తెల్లనివి. దానికి రెండేండ్లు నిండకమునుపే ఆ తెల్లని వెండ్రుకలు తుప్పువన్నెకు మారెను. బురద యనుకొంటిమి. అది బురద కాదు; ఎడతెగక నాకుటవలన లాలాజలము వెండ్రుకలకు పట్టించిన రంగు అని మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. పిమ్మట చెవులనుండి పుల్లని వాసన రాజొచ్చెను. చంకలును, పొట్ట క్రింది భాగమును ఎఱ్ఱనై, కొంతకాలమునకు నలుపెక్కి ఏనుగుతోలువలె మందమయ్యెను.

అప్పుడు మేము చేసిన చికిత్సలను చెప్పుటకు సిగ్గుగా నున్నది. వేపనూనె రాచితిమి, అది దానిని నాకి వాంతి చేసికొనెను. మా స్నానపు సబ్బుతోనే వారమునకు రెండుమారులు రుద్ది కడిగితిమి. మేము ఊరలేని సమయమున దయగలవారెవరో గజ్జి పోవునని కిరసనాయిలు పూసిరి. చర్మము కాలి, పది దినములు అది ఎవరిని దగ్గరకు రానీయలేదు. తుదకు పట్టణములో ఒక మందుల దుకాణమున అడుగగా చిన్న తెల్లని మాత్రలు ఇచ్చిరి. మరునాటికే దురద నిలిచెను. ఆ రాత్రి కుటుంబప్రార్థనలో దేవునికి స్తోత్రము చెల్లించితిమి. మాత్రలు అయిపోగా దురద మరల వచ్చెను, మరల కొంటిమి. ఇట్లు మూడు నెలలు గడచెను. అప్పటికి జిమ్మీ తొట్టెడు నీరు త్రాగుచు, వసారాలో మూత్రము విడుచుచు, ఎంత తినినను ఆకలి తీరక, పొట్ట జారి, వెన్నుమీది బొచ్చు పలుచబడి, ముసలికుక్కవలె కనబడసాగెను. ఆ మాత్ర ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడు. అమ్మినవానిని నిందింపజాలము. రోగిని చూపకుండ మందు నడిగినది మేమే.

ఇంతలో మరియొక చిక్కు వచ్చెను. గత సంవత్సరము ఆగస్టు నెలలో వసతిగృహమునందు ముగ్గురు చిన్నపిల్లలకు వ్రేళ్లసందులలోను, మణికట్లయందును, నడుముచుట్టును దురదపొక్కులు లేచెను. కుక్కయే అంటించినదని తలిదండ్రులలో కొందరు సమావేశమున చెప్పిరి. పిల్లలను నమ్మి అప్పగించినవారు అట్లు భయపడుట సహజమే. ఒక నెలలో రోగము కుదురనియెడల జిమ్మీని ఏటి ఆవల విడిచివేయవలెనని నిశ్చయమైనది. మేమును చేయెత్తితిమి. కాదనుటకు మావద్ద ఏ కారణమును లేకుండెను.

మరునాడు దానిని పశువైద్యశాలకు తీసికొనిపోతిమి. వైద్యుడు మొదట మందు వ్రాయలేదు. చిన్నకత్తి మొద్దువైపుతో చెవియంచును, మోచేతిని కొంచెము గీకి, వచ్చిన పొట్టును నూనెచుక్కతో గాజుపలకపై నుంచి సూక్ష్మదర్శినిలో చూచెను. గజ్జి కలిగించు సార్కాప్టిస్ అను కీటకము చర్మములో సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. చెవియంచులును, మోచేతులును దానికి ప్రియమైన తావులు. జిమ్మీ చర్మములో అది కనబడలేదు. కనబడనంతమాత్రమున లేదనరాదనియు, గీకినపుడు అది తరచుగా తప్పించుకొనుననియు వైద్యుడు చెప్పి, మిన్నల్లులను, పిడుదులను, గజ్జికీటకములను గూడ చంపు మాత్ర నిచ్చెను. గజ్జియే యైనచో కొన్ని వారములలో దురద తగ్గవలెను. తగ్గనియెడల కారణము వేరు. స్టెరాయిడు మాత్రలను ఒక్కసారిగా మానరాదనియు ఆయన హెచ్చరించెను. బయటనుండి ఆ మందు చిరకాలము లభించినచో దేహములోని గ్రంథులు తమ పనిని మానివేయును. అవి మరల మేలుకొనువరకు మోతాదును మెల్లమెల్లగా తగ్గింపవలెను.

పిల్లలను ఆసుపత్రికి పంపగా అక్కడి డాక్టరుగారు అది మనుష్యులనుండి మనుష్యులకు అంటు గజ్జియే యనిరి. కుక్కగజ్జి మనిషికి తాత్కాలికముగా దురద కలిగింపవచ్చును గాని మన చర్మముపై అది నిలిచి వర్ధిల్లజాలదు. వేసవి సెలవులనుండి ఒక పిల్లవాడు దీనిని తెచ్చియుండెను. ఒకే దుప్పటిలో ఇద్దరు పండుకొనుటచే వ్యాపించినది. ఆ గదిలోని వారందరికిని ఒకే రాత్రి మెడనుండి పాదములవరకు పెర్మెత్రిన్ లేపనము పూసి, వారము దినముల పిమ్మట మరల పూసి, పక్కబట్టలను వేడినీట ఉతికి ఎండవేయించితిమి. నెల తిరుగునప్పటికి పిల్లలు బాగుపడిరి. జిమ్మీ మాత్రము మాత్ర మ్రింగియు, మునుపటివలెనే గోకికొనుచుండెను. ఆ గోకుటయే దానిని రక్షించినది. దాని దురద గజ్జి కాదని, ఒకరికి అంటునది కాదని, దానివలన తేలినది.

మరి దాని రోగమేమి? వైద్యులు దీనిని ఎలర్జీ యందురు. ఈ మాట పాతది కాదు. 1906వ సంవత్సరమున వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే గ్రీకు పదములనుండి దీనిని కల్పించెను. దానికి నాలుగేండ్లు ముందే, 1902లో, ఫ్రాన్సు దేశమున షార్ల్ రిషే, పాల్ పోర్టియే అను శాస్త్రజ్ఞులు సముద్రపుష్పమను జలజంతువు విషముపై పరిశోధించుచు, మొదటి మోతాదును సహించిన కుక్కకు కొన్ని వారముల తరువాత స్వల్పముగా రెండవమారు ఇచ్చి చూచిరి. విషమునకు అలవాటుపడి యుండునని వారి తలంపు. ఆ కుక్క కొలది నిమిషములలోనే చనిపోయెను. కాపాడవలసిన దేహశక్తి పగదీర్చుకొన్నట్లు తనయింటినే ధ్వంసము చేయగలదని ఆ దినమున తెలిసినది. రిషేకు 1913లో నోబెలు బహుమానము లభించెను. ఎలర్జీశాస్త్రమునకు కుక్కలు చెల్లించిన వెల ఇట్టిది. ఆ శాస్త్రము వానికి తిరిగి ఉపయోగపడుట న్యాయమే.

దేహములోనికి శత్రువు ప్రవేశించినపుడు పోరాడుటకు రక్తమున ప్రతిద్రవ్యములు పుట్టును. కొన్ని దేహములు ధూళి, పుప్పొడి మొదలగు నిరపాయవస్తువులను గూడ శత్రువులుగా నెంచి, ఐజీఈ అను ప్రతిద్రవ్యమును తయారుచేయును. దీనిని 1966-67 సంవత్సరములలో అమెరికాయందు ఇషిజాకా దంపతులును, స్వీడను నందు యొహాన్సన్, బెన్నిచ్ అను పండితులును వేర్వేరుగా కనుగొనిరి. ఈ ద్రవ్యము చర్మమందలి కొన్ని కణములను అంటిపెట్టుకొని యుండును. ఆ ధూళి మరల తగిలినపుడు కణములు హిస్టమిన్ మొదలగు రసములను వెడలగ్రక్కును. చర్మము వాచును, ఎఱ్ఱనగును, దురద పుట్టును. మనకు ముక్కు కారును, తుమ్ములు వచ్చును. కుక్కకు ఆ బాధ ముఖ్యముగా చర్మమునందు కనబడును. గోకుటచే చర్మము చిట్లి, సూక్ష్మజీవులు చేరి, దురదను ఇనుమడింపజేయును. జిమ్మీ చెవులలోని పుల్లని వాసన మలసీజియా యను ఒకజాతి బూజు చేసిన పని.

కుక్కకు ఇట్టి దురద వచ్చినపుడు మొదట అనుమానింపవలసినది మిన్నల్లిని. దావీదు సౌలుతో మాటలాడుచు తన్ను తాను మిన్నల్లితో పోల్చుకొనిన సంగతి సమూయేలు మొదటి గ్రంథము 24వ అధ్యాయమున నున్నది. అంత అల్పమైన ప్రాణియే, ఎలర్జీగల కుక్కను రెండుమూడు కాటులతో దినముల తరబడి బాధింపగలదు. దాని లాలాజలము పడదు. తోకమొదట, వీపు క్రిందిభాగమున, తొడలలోపల కుక్క కొరికికొనుచున్నయెడల మిన్నల్లులుండునని తలంపవచ్చును. మా తొమ్మిదవ తరగతి పిల్లలు చేసిన పరీక్ష నెవరైనను చేయవచ్చును. సన్నదువ్వెనతో దువ్వగా రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లకాగితముపై నుంచవలెను. నలుసుచుట్టు ఎఱ్ఱని వలయము ఏర్పడిన అది మట్టి కాదు. మిన్నల్లి త్రాగి విసర్జించిన రక్తము. కుక్కపై కనబడు మిన్నల్లులు ఉన్నవానిలో కొద్దిపాటివే. గ్రుడ్లు నేలపై రాలి, పిల్లపురుగులై, పగుళ్లలో గూళ్లు కట్టుకొనును. గూటిలో నున్నది నెలల తరబడి కాచుకొనియుండగలదు. కావున ఒక కుక్కకు మందు వేసి, దాని ప్రక్కన పండుకొను పిల్లిని మరచినచో ఫలము లేదు. కుక్కలకు వాడు పెర్మెత్రిన్ మందు పిల్లులకు ప్రాణాంతకమని గూడ తెలిసికొనవలెను. ఆవరణములోని రెండు పిల్లులకును వానికి తగిన మందునే వైద్యుని చేతిమీదుగా వేయించితిమి.

రెండవ అనుమానము ఆహారము. దీనిని రక్తపరీక్షవలన నిశ్చయింప వీలుకాదు. నమ్మదగిన మార్గము పథ్యమే. ఎనిమిది వారములు కుక్క మునుపెన్నడును తినని మాంసమును, తినని పిండిపదార్థమును మాత్రమే పెట్టవలెను. జిమ్మీ వసతిగృహపు అన్నము, పప్పు, మజ్జిగ, గ్రుడ్లు, ఆదివారపు కోడిమాంసము తిని పెరిగినది. ముండ్ల భయముచే మా వంటశాలలో చేపలు వండరు గనుక, ముండ్లు తీసి ఉడికించిన చేపయు, చిలగడదుంపయు నిర్ణయించిరి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తమునకు హాని చేయును. మూడువందలమంది పిల్లలున్నచోట పథ్యము నిలుపుట యెంత కష్టమో ఉపాధ్యాయులకే తెలియును. నాలుగవ వారమున మొదటి తరగతి పాప, జిమ్మీ చిక్కిపోయినదని జాలిపడి, తన పాలబిస్కత్తులలో సగము దానికి పెట్టెను. మరల మొదటినుండి లెక్కింపవలసి వచ్చెను. పాపను ఎవరును కోపపడలేదు. ఎనిమిది వారములు నిండినను దురద తగ్గలేదు. పాత ఆహారము మరల పెట్టగా పెరుగలేదు. మా శ్రమ వ్యర్థమని కొందరనిరి. మేమట్లు తలంపము. ఒక ద్వారమును మూసి, ఇక ఆ వైపు చూడనక్కరలేదని తెలిసికొంటిమి.

మిగిలినది వైద్యులు ఎటోపీ యనునది. ఇది పుట్టుకతో వచ్చు స్వభావము. సాధారణముగా ఆరునెలల వయస్సునకును మూడేండ్లకును నడుమ బయటపడును. పాదములు, ముఖము, చెవులు, చంకలు, పొట్ట దీని తావులు. ఇంటి ధూళిలో నుండి, మన దేహమునుండి రాలు పొట్టును తినుచు బ్రతుకు కంటికి కనబడని ధూళికీటకములు దీనికి అన్నిటికంటె సాధారణమైన హేతువు. పుప్పొడులు, బూజురజము తరువాతివి.

జిమ్మీకి ఏది పడదో తెలిసికొనుటకు మాకు తోడ్పడినది ఒక నోటుపుస్తకము. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ప్రతిరాత్రియు దురదకు సున్న మొదలు పది వరకు గుణములు వేసి, ఆనాటి వాన, తేమ, అది పండుకొన్న చోటు, వేసిన మందు వ్రాసి, గళ్లకాగితముపై గీతలు గీచెను. మూడు నెలల గీతను పరిశీలింపగా, వానరాత్రులలో దురద ఎనిమిదికి లేచుటయు, మేము ఊరికి పోయి అది కావలివాని గుడిసె ముందు పండుకొన్న వారమున నాలుగునకు దిగుటయు కనబడెను. వానరాత్రులలో దానిని మేము సామానుల గదిలో, పాత దూదిపరుపుల గుట్టమీద పండుకొననిచ్చుచుంటిమి! తేమయు, దూదియు, ధూళియు ఒక్కచోట చేర్చి, దానిపై రోగిని పరుండబెట్టినట్లయినది. ఇది సూచనయే గాని ఋజువు కాదని వైద్యుడు చెప్పెను. చర్మములోనికి సూదులతో ఎక్కించి చూచు పరీక్షయే తగినది, అది అన్నిచోట్ల దొరకదు. అయినను పరుపులను తీసివేసి, గట్టి నారమంచమును వసారాలో వేసి, పరచిన గుడ్డను వారమునకొకమారు మరిగిన నీట ఉతికి ఎండవేయుచున్నాము. ఆటస్థలము అంచున పెరిగిన వయ్యారిభామ మొక్కలను గూడ పెద్దపిల్లలు చేతితొడుగులు వేసికొని పెరికివేసిరి. ఆ మొక్క మనుష్యుల చర్మమునకే పడదని ప్రసిద్ధము. జిమ్మీకి దానివలన కీడు కలిగినదో లేదో చెప్పజాలము గాని, పెరికినందుకు విచారము లేదు.

స్నానమును గూర్చి కొంత విరివిగా చెప్పవలెను, ఏలయన ఇది ఖర్చు తక్కువయు ఫలము ఎక్కువయు గలది. కుక్కచర్మపు పైపొర మనదానికంటె పలుచనిది. దాని ఆమ్లగుణమును మనదానివంటిది కాదు. కావున మన సబ్బు దానికి పనికిరాదు, బట్టలసబ్బు అసలే పనికిరాదు. క్లోర్ హెక్సిడిన్ గల కుక్కల షాంపూను వైద్యుడు చెప్పెను. వేడినీరు దురదను పెంచును. చల్లని లేక గోరువెచ్చని నీరు పోయవలెను. నురుగు చర్మముపై పది నిమిషములు నిలువవలెను. కుక్క నిలువదు! మా బాలురు దీనికి ఉపాయము కనిపెట్టిరి: చుట్టు నిలిచి రెండు కీర్తనలు పూర్తిగా, చరణములు విడువక పాడుదురు, అంతవరకు జిమ్మీ గొంతు కలుపుచు నిలిచియుండును. పిమ్మట బాగుగా కడిగి, వ్రేళ్లసందులను, చంకలను తువాలుతో పొడిగా తుడువవలెను. తడి నిలిచినచోట బూజు పెరుగును. చెవిలోనికి పుల్ల గాని దూదికడ్డి గాని పెట్టరాదు. మందునీరు పోసి, చెవిమొదట నెమ్మదిగా పిసికి, పైకి వచ్చిన మురికిని మాత్రము తుడువవలెను. బయట తిరిగి వచ్చినపుడు పాదములను కడిగి తుడుచుట మంచిది.

లాజరు కురుపులను కుక్కలు నాకిన సంగతి తలచుకొని, నాకిన మానునని కొందరందురు. ఎలర్జీపుండు నాకినకొలది పెద్దదగును. మెడకు గరాటువంటి పట్టీ కట్టవలసి వచ్చును. జిమ్మీ దానిని ధరించి పాఠశాల ద్వారమున తగులుకొనిన నాడు పిల్లలు నవ్విన నవ్వు వలన ఆనాటి లెక్కల తరగతి జరుగలేదు.

మందుల విషయమున స్టెరాయిడు చెడ్డదని మేము చెప్పము. ఆ జాతి ద్రవ్యములను కనుగొన్న కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అనువారికి 1950లో నోబెలు బహుమానము వచ్చినది. తగినవాని చేతిలో, తగినన్ని దినములు, అది ప్రాణమిత్రము. హిస్టమిన్ను అణచు మాత్రలు కుక్కల దురదకు అంతగా పనిచేయవు. వాని దురదను నరములకు చేర్చువానిలో ఇంటర్‌ల్యూకిన్-31 అను వేరొక ద్రవ్యము ముఖ్యమైనది. ఆ మార్గమును అడ్డగించు ఒక్లాసిటినిబ్ అను మాత్రకు 2013లో అమెరికాయందు అనుమతి లభించెను. ఏడాది నిండని పిల్లలకు అది ఈయరాదు. ఇటీవల లోకివెట్‌మాబ్ అను సూదిమందు గూడ వచ్చినది. ఒక మోతాదు సుమారు నెల పనిచేయును. పడని వస్తువునే అతిస్వల్పమోతాదులతో అలవాటుచేయు పద్ధతిని 1911లో లండను నగరమున లెనర్డ్ నూన్ మనుష్యుల పుప్పొడిజ్వరమునకు ప్రారంభించెను. నేడు కుక్కలకును చేయుచున్నారు గాని ఫలము తెలియుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము పట్టును. ఇంట ఉన్నది గదాయని మన నొప్పిమాత్రలను కుక్కకు వేయరాదు. ఐబుప్రొఫెన్ వంటివి దాని కడుపును, మూత్రపిండములను చెరచును. ఐవర్‌మెక్టిన్ అను గజ్జిమందు కొన్ని జాతులకు, ముఖ్యముగా కోలీ కుక్కలకు, మెదడుకెక్కి ప్రాణము తీయగలదు.

ఖర్చును గూర్చి తలిదండ్రులు తప్పక ఆలోచింపవలెను. ఈ రోగము కుదురునది కాదు, అదుపులో నుండునది. పిల్లలు కుక్కపిల్లను కొనిపెట్టుమని ఏడ్చునపుడు, దాని ధరను గాక, పది పండ్రెండేండ్ల శనివారములను లెక్కవేసికొనవలెను. మా వేతనములో జిమ్మీకి వెళ్లునది ఎంతయని అడిగినవారికి మా యింటివారు ఇంతవరకు సరియైన జవాబు చెప్పలేదు, మేమును చెప్పము.

ఆ నోటుపుస్తకమిప్పుడు మూడవది. వ్రాసిన బాలుడు పదవ తరగతిలో చదువుచు, ఆ పనిని తన క్రింది తరగతివానికి అప్పగించినాడు. మిన్నల్లి మందు ప్రతినెలయు, స్నానము ప్రతివారమును జరుగుచున్నవి. ఒక్లాసిటినిబ్ వానకాలపు చెడు వారములలో మాత్రము, వైద్యుని అడిగి, వేయుచున్నాము. పొట్టపైని ఏనుగుతోలు పలుచబడి బొచ్చు మొలచినది. గత నెల గుణములలో ఎక్కువభాగము రెండును మూడును. కాని కార్తికపు ముసురులో నాలుగు రాత్రులు ఏడుగా నున్నవి, వాని హేతువు ఇంకను తెలియలేదు. ఈ వ్యాసము వ్రాయుచుండగా జిమ్మీ బల్లక్రింద పండుకొని ఎడమ ముందుపాదమును నాకుచున్నది. రేపు శనివారము.